జీతగాడు పునీతుడైండంటే నమ్ముతరా?

అందరు నాట్ల పనుల్ల ఉన్నరు, పొడుగు పోస్టు చదివే తీరిక ఉండదని తెలుసు. అయినా నెల సంది మనసుల మెదులుతున్న ముచ్చట, రాయకుంటే నిద్ర పట్టేటట్టు లేదు.

మాది కురవి దగ్గర పల్లె, కతోలిక ఇల్లు. శివరాత్రికి వీరభద్రస్వామి జాతరల మా పిల్లలు రంగుల రాట్నం ఎక్కుతరు, క్రిస్మస్‌కు మీరంత మా ఇంటికొచ్చి కేకు తింటరు. అందుకే ఇది మతం పోస్టు అనుకోకున్రి.

చిన్నప్పుడు చర్చిల పునీతుల స్వరూపాలు చూస్తే, వీళ్లంత ఫాదర్లు, సిస్టర్లు, బిషప్పులే అనిపించేది. పెండ్లాం పిల్లలు, అప్పులు, ఎండిన బోర్లు లేనోళ్లు. మనసొంటోళ్లు వాళ్ల లెక్క బతుకుడు ఎట్ల కుదురుతది? పండుగకు దండేసి దండం పెట్టుడే మన వంతు అనుకున్న.

మా ఊరి ఉపదేశి తాత ఒకపారి ఇసిదోరు కథ చెప్పిండు. స్పెయిన్‌ల మాడ్రిడ్ దగ్గర 900 ఏండ్ల కింది మనిషి. హువాన్ దె వర్గాస్ అనే ఆసామి పొలంల జీతగాడు. భార్య పేరు మరియా. రోజూ పొద్దుగాల ప్రార్థన చేసుకోని పనికొచ్చేటోడు. ఆలస్యం చేస్తుండని తోటి కూలోళ్లు ఆసామికి చాడీలు చెప్పిన్రు. (గీ అలవాటు అన్ని దేశాలల్ల ఒక్కటే ఉన్నట్టుంది.) ఆసామి వచ్చి చూస్తే దేవదూతలు నాగలి దున్నుతున్నరట.

నాకు నచ్చింది ఇంకో కథ. చలికాలం గింజల బస్తా మరకు మోసుకపోతుంటే పావురాలు ఆకలితోని కనపడ్డయి. బస్తా ఇప్పి సగం మంచు మీద పోసిండు. పక్కోళ్లు నవ్విన్రు. మర పట్టినంక పిండి ఏం తక్కువ కాలేదంటరు. నమ్ముడు నమ్మకపోవుడు మీ ఇష్టం. నేనైతే పిండి సంగతి కాదు, ఆ బస్తా మూతి ఇప్పిన చెయ్యి గురించే ఆలోచిస్త. మనం జొన్న చేన్ల పిట్టలను ఒడిసెలతోని కొట్టినోళ్లం గదా.

1622 మార్చి 12న ఇగ్నేషియస్ లొయోలా, ఫ్రాన్సిస్ జేవియర్ అసొంటి పెద్దోళ్ల వరుసల ఈ జీతగాణ్ని కూడా పునీతునిగా ప్రకటించిన్రు. ఆయన పండుగ మే 15, మనకు రోహిణి కార్తె ఇంక పది రోజులు ఉండంగ. మన దేశంల గృహస్థుల నుంచి మొదటి పునీతుడు దేవసహాయం పిళ్లైని కూడా 2022ల అదే మే 15న ప్రకటించిన్రు. తిరువాన్కూరు రాజు కొలువుల పనిచేసినోడు, పెండ్లైనోడు. క్రీస్తును నమ్మి, కులం చూడకుంట అందరితోని కలిసి మెలిగినందుకు 1752ల కాల్చి చంపిన్రు.

ఇగ నా సంగతి. నాకున్న నాలుగెకరాలల్ల రెండెకరాలు కౌలుకిచ్చిన. 2024 సెప్టెంబర్ 1 వాన యాదికుంది గదా? ఆకేరు పొంగింది, కేసముద్రం దిక్కు రైలు పట్టాల కింది మన్ను కొట్టుకపోయింది. కౌలాయన వరి మీద ఇసుక మేట పడ్డది. కౌలు 24 వేలు ముందుగాల్నే తీసుకున్న. ఒక్క రూపాయి వాపస్ ఇయ్యలే. మాటంటే మాటే అన్న.

మొన్న జూన్‌ల రైతు భరోసా ఎకరానికి 6 వేల లెక్కన పడ్డది. పట్టా నాది, కాబట్టి ఆ రెండెకరాల 12 వేలు కూడా నా ఖాతాలనే పడ్డయి. మా ఇంటామె ఫోన్ చూసి, "దున్నేది ఆయన, పైసలు మనకా?" అన్నది. నేను సప్పుడు చెయ్యలే.

ఆదివారం పూజల కూసుంటే ఇసిదోరు యాదికొచ్చిండు. ఇన్నేండ్లు ఆ కథల నేను ఇసిదోరు పక్కన నిలబడ్డ అనుకున్న. నేను ఆసామినని అప్పటిదాక తట్టలే.

12 వేలు పట్టుకోని పోయిన. నన్ను చూడంగనే ఆయన మొఖం మారింది. "ఏందన్నా, భూమి ఇడిపించుకుంటున్నవా?" అన్నడు. పైసలు చేతుల పెడితే రెండుసార్లు లెక్కపెట్టుకున్నడు, ఏం మాట్లాడలే. చాయ్ తాగి పొమ్మన్నడు.

పోయిన ఏడాది 24 వేల ముచ్చట ఆయన ఎత్తలే, నేనూ ఎత్తలే. సగం ఈసారి కౌలుల కొట్టేద్దామని ఇంట్ల అన్న. "సగమే ఎందుకు?" అన్నది మా ఇంటామె. ఇంకా జవాబు చెప్పలే. మీల కౌలుకిచ్చినోళ్లుంటే, ఆ వాన తర్వాత మీరేం చేసిన్రో కింద రాయున్రి.