కిన్నెరసాని అంచున పిడుదుల ఆరా

ఖమ్మం దాటి కొత్తగూడెం వైపు సాగేకొద్దీ పత్తి, మిరప చేలు వెనకబడి టేకు, మద్ది, తునికి చెట్లు దగ్గరవుతాయి. పాల్వంచ దగ్గర పక్కకు మళ్లితే కిన్నెరసాని. సుమారు 635 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యాన్ని భద్రాద్రి రాముడి దగ్గరికి వెళ్లే యాత్రికుల్లో చాలామంది బస్సు కిటికీలోంచే చూసి పోతారు. నేను ఈ దారి పట్టింది పిడుదుల కోసం. అడవిని ఆనుకున్న పల్లెల పశువులు పొద్దున మేతకు లోపలికి పోయి సాయంత్రం కొట్టాలకు చేరతాయి. దుప్పులు, అడవిదున్నలు, అడవిపందులు తిరిగేదీ ఆ గడ్డిలోనే. ఒక పశువు నుంచి రాలిన పిడుదు సంతానం మరో జంతువును పట్టుకోవడానికి ఇంతకంటే వీలైన చోటు ఉండదు. అయినా చెవి లోపల, గంగడోలు మడతల్లో, పొదుగు చుట్టూ అంటుకున్నవన్నీ మన లెక్కలో ఒకటే పిడుదు, ఒకటే గోమారి. అన్నిటికీ ఒకటే మందు. ఏ జాతిదో తేల్చకుండా చేసే ఆ వైద్యం సగం వైద్యమేనని నా వాదన.

ఎందుకంటే వాటి బతుకులు వేరు. పశువుల మీద ఎక్కువగా కనిపించే రైపీసెఫాలస్ మైక్రోప్లస్ పిల్లగా ఒక ఆవును పట్టుకుందంటే పెద్దదయ్యేదాకా, దాదాపు మూడు వారాలు, ఆ ఒంటి మీదే ఉంటుంది. రక్తంతో ఉబ్బిన ఆడది నేలకు రాలి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. దీనికి పశువు మీద కొట్టిన మందు చాలావరకు పనిచేస్తుంది. థైలేరియా జ్వరాన్ని మోసే హయలోమా అలా కాదు. మధ్యమధ్య పశువును వదిలి కొట్టం గోడల పగుళ్లలో దాక్కుంటుంది. పగుళ్లు పూడ్చకుండా ఆవును ఎంత కడిగినా జ్వరం ఆగదు. ఇక హెమాఫైసాలిస్ జాతులు పిల్లదశలో ఎలుకల్ని, కుందేళ్లను, పక్షుల్ని పట్టుకుని, పెద్దయ్యాక పశువుల మీదికి వస్తాయి. వాటి మూలం అడవి గడ్డిలో ఉంటే మనం కొట్టంలో వెతుకుతున్నాం.

గుర్తుపట్టడం ఎలా? భూతద్దం కింద ముందు కాళ్లు లెక్కపెట్టాలి. ఆరుంటే గుడ్డు నుంచి వచ్చిన తొలి దశ పిల్లది, ఎనిమిదుంటే ఆ దశ దాటింది. పెద్దవాటిలో వీపు మీది గట్టి పెంకు ఒళ్లంతా కప్పితే మగది, తల వెనక కొద్దిమేరే ఉంటే ఆడది. హయలోమా నోరు పొడుగు, కాళ్ల మీద లేత పట్టీలు. రైపీసెఫాలస్ నోరు పొట్టి, దాని మొదలు ఆరు మూలల ఆకారం. హెమాఫైసాలిస్‌కు కళ్లుండవు, చాలా జాతుల్లో నోటి పక్క స్పర్శాంగాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఇంత ముఖ్యమైన నోటినే మనం పాడుచేస్తున్నాం. వేళ్లతో గుంజితే అది చర్మంలోనే తెగిపోయి ఆనవాలు పోతుంది, పుండూ పడుతుంది. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నిలువుగా లాగాలి.

ఏ జంతువు మీద దొరికితే ఆ జంతువు పిడుదు అనుకోవడం ఇంకో పొరపాటు. చైనాలో జెయింట్ పాండాల మీద దొరికిన హెమాఫైసాలిస్ ఫ్లావా కుక్కల్నీ, అడవిపందుల్నీ, మనుషుల్నీ కూడా కుడుతుంది. పాండాల మీద కనిపించిన మరో జాతి హెమాఫైసాలిస్ లాంగికార్నిస్ 2017లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక గొర్రె మీద బయటపడింది. అప్పుడు పాత సీసాలు తిరగేస్తే, 2010లోనే వెస్ట్ వర్జీనియాలో ఒక జింక మీద దొరికిందని తేలింది. ఎవరూ గుర్తించక ఏడేళ్లు గడిచాయి.

పిడుదుల నుంచి మనుషులకొచ్చే జబ్బే ఇక్కడ లేనప్పుడు ఈ తిప్పలెందుకని అడగవచ్చు. తెలంగాణలో కోతి జ్వరం ఉందని నేను అనడం లేదు. కానీ 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూర్ అడవిలో కోతుల చావులతో బయటపడిన ఆ జ్వరం దశాబ్దాలపాటు ఆ చుట్టుపక్కలే ఉండి, 2012 నుంచి బందీపూర్, వయనాడ్, గోవా, సింధుదుర్గ్ దాకా పాకింది. దాన్ని మోసే హెమాఫైసాలిస్ స్పినిజెరా పెద్ద దశలో పశువుల రక్తం మీదే బతుకుతుంది. మన గడ్డిలో ఏ జాతులున్నాయో ముందే రాసి పెట్టుకుంటేనే రేపు కొత్తది వచ్చినప్పుడు తెలుస్తుంది. ఖర్చు సంగతికొస్తే, తెల్ల గుడ్డను గడ్డి మీద ఈడిస్తే పిల్ల పిడుదులు వాటంతట అవే అంటుకుంటాయి. అడవిదున్నకు మత్తు ఇవ్వనక్కర్లేదు. డీఎన్ఏ పరీక్ష ఉండగా కంటి చూపెందుకు అన్నది కొంత న్యాయమైన ప్రశ్నే. పిల్లదశల్లో జాతి తేల్చడానికి ఆ పరీక్ష కావాలి కూడా. అయితే ఏది పరీక్షకు పంపాలో ఎంచవలసింది కన్నే. అన్నిటికీ డెల్టామెత్రిన్ మందు కొడితే సరిపోదా అంటే, దాన్ని తట్టుకునే పశువుల పిడుదులు దేశంలో చాలాచోట్ల ఇప్పటికే నమోదయ్యాయి.

భద్రాచలం దగ్గర గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల మీదుగా పోతే అడవి ఛత్తీస్‌గఢ్‌లోకి సాగిపోతుంది. పిడుదుకు రాష్ట్రం హద్దు లేదు. ఎండాకాలం తునికాకు కోసే కోయ కుటుంబాలు ఈ గడ్డిలోనే గంటల తరబడి తిరుగుతాయి. మొదట కుట్టించుకునేది వాళ్లే. పశుసంవర్ధక, అటవీ, ఆరోగ్య శాఖలు కలిసి ఏడాది పొడవునా ఈ అంచున పిడుదులు సేకరించి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో జాతులు తేల్పించాలి. మీ పశువు మీద పిడుదు దొరికితే నలిపెయ్యకండి. 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, ఊరు, తేదీ, ఏ పశువో పెన్సిల్‌తో రాసిన చీటీ అందులోనే పెట్టి పశువుల ఆస్పత్రిలో ఇవ్వండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.