పాత్ర ఎవరిది?

సాహిత్యం చదువుకున్న నాకు పాత్ర అంటే కథలో మనిషి. వంటింట్లో గిన్నె కూడా పాత్రే. ఉదయ్ పరీక్ రచనలు చదివాక ఆ మాటకి మరో అర్థం తోడయింది. సంస్థల్లో మనుషుల మనస్తత్వం మీద పనిచేసిన పరీక్, అహ్మదాబాద్ ఐఐఎంలో తెలుగువారైన టి.వి. రావుకి సహచరుడు. 1970లలో లార్సెన్ అండ్ టూబ్రోలో మానవ వనరుల అభివృద్ధి వ్యవస్థకి రూపమిచ్చింది వాళ్ళిద్దరే.

ఉద్యోగి ఒత్తిడికి కారణాన్ని మనిషి స్వభావంలోనే వెతక్కుండా, అప్పగించిన పాత్రలో కూడా వెతకాలన్నది పరీక్ పనిలో నన్ను ఆపిన విషయం. పాత్రలో పది రకాల ఒత్తిళ్ళని ఆయన గుర్తించారు. ఒక పాత్ర ఇంకో పాత్రని లాగేయడం, తలా ఒకటి ఆశించడం, మోయలేనంత పని, ఎదుగుదల లేకపోవడం, ఏం చేయాలో స్పష్టత లేకపోవడం... యాభై వాక్యాల ప్రశ్నపత్రం, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకూ అంకెలు. "సర్దుకుపోవాలమ్మా" అని వింటూ పెరిగినవాళ్ళకి ఇదెంత ఊరటో చెప్పలేను. సర్దుకోలేకపోవడం నా లోపం కాకపోవచ్చునని ఒక శాస్త్రం ఒప్పుకుంటోంది!

నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒత్తిడి తగ్గించుకోవడం మీద శిక్షణ పెట్టారు. ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పారు. వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేదు. అలాంటి చోట పరీక్‌ని తలుచుకోకుండా ఎలా ఉంటాం?

అయితే ఆ ప్రశ్నపత్రాన్ని ఉప్పుగూడలో మా ఇంటికి తెచ్చాక కథ మారింది. స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంటాం. అమ్మ ఇరవై ఏళ్ళుగా ముందుగదిలో మగ్గం పని చేస్తోంది. బట్ట, జరీ, పూసలు సేట్ పంపిస్తాడు, పీసు లెక్కన డబ్బులిస్తాడు. ప్రశ్నలు తెలుగు చేసి చదివాను. నీ పని కుటుంబానికి అడ్డొస్తోందా అనగానే నవ్వింది.

"పని అడ్డమొస్తలేదు బిడ్డా. ఇల్లే పనికి అడ్డమొస్తున్నది. కూసున్ననో లేదో మీ నాయినకు చాయ్ గావాలె."

1996లో నెటెమెయర్, బోల్స్, మెక్‌మరియన్ అనే పరిశోధకులు ఈ రెండు దిశల్నీ విడివిడిగా కొలిచారు. పని ఇంటిని లాగడం ఒకటి, ఇల్లు పనిని లాగడం ఒకటి. మంచిదే. కానీ రెండింటి మధ్యా ఒక గడప ఉందన్న నమ్మకం అక్కడా ఉంది. అమ్మకి ఆ గడప ఏది? మగ్గం చట్రం ఎత్తి గోడకి ఆనిస్తేనే రాత్రి పక్కలు పరుచుకోగలం.

పరీక్ నిర్వచనం నిజానికి విశాలమైనది. ఏ సామాజిక వ్యవస్థలోనైనా, చుట్టూ ఉన్న ముఖ్యులూ తనూ ఆశించేవాటిని బట్టే పాత్ర ఏర్పడుతుందంటారు. ఇల్లూ అందులోకి వస్తుంది, సేటూ వస్తాడు. ప్రశ్నపత్రం మాత్రం జీతం అందుకునే ఉద్యోగితోనే మాట్లాడుతుంది. ఇంటి దగ్గర చేసే పనినీ పనిగా గుర్తించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

కాగితం పైన 'హోదా' అని ఒక గడి ఉంది.

"గృహిణి అని రాయి," అంది అమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"మగ్గం పనిమనిషి అని రాయనా?"

"రాస్తే మాత్రం, సేట్ ఒప్పుకుంటడా?"