దిగుటయు నొక విద్యయే

ఎక్కువారిని గూర్చి లోకము పొగడినంతగా దిగువారిని గూర్చి పొగడలేదు. కొండ యెక్కినవానికి కీర్తి, గద్దె యెక్కినవానికి పూలదండలు, గుఱ్ఱమెక్కినవానికి ఊరేగింపు. దిగుట మాత్రము అందఱును ఎట్లో యొకట్లు చేయు పనియే యనియు, దానికి వేఱుగ నేర్పు అక్కఱలేదనియు మనము తలచుచుందుము. శ్రీహరికోటలో రాకెట్టు నిప్పులు గ్రక్కుచు లేచునపుడు చూచుటకు జనము గుమిగూడుదురు. కాని ఆ రాకెట్టు మోసికొనిపోయిన నౌక కొన్ని వారముల తరువాత చంద్రుని నేలపై కాలు మోపుట యెట్లన్న ప్రశ్న, 2019 సెప్టెంబరు 7వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, విక్రమ్ ల్యాండరు మూగవోవువఱకు మనలో ననేకులకు తోచనే లేదు.

నాగార్జునసాగరమునకు పోవు దారిలోని మా పెద్దవూరలో వేసవి మధ్యాహ్నములు సుదీర్ఘములు. వీధులు నిర్మానుష్యములై, పెద్దలు నిద్రకును పిల్లలు సెల్‌ఫోనునకును శరణుజొచ్చు ఆ వేళలలో, తొమ్మిదవ తరగతి ముగించిన మా యింటి పిల్లవాడొకడు చంద్రునిపై నౌకను దింపు ఆటలో మునిగియుండుట చూచితిని. ఆట చూచుటకు మిక్కిలి సామాన్యము: నల్లని యాకాశము, క్రింద ఎగుడుదిగుడు నేల, నడుమ నాలుగు కాళ్ల చిన్న నౌక. ఒక మీట నొక్కిన క్రిందికి మంట వెడలును. మఱి రెండు మీటలు నౌకను ఎడమకో కుడికో ఒరగించును. ఎత్తు, వేగము, మిగిలిన ఇంధనము తెర యంచున అంకెలుగా కనబడుచుండును. మెల్లగా దిగిన గెలుపు, వడిగా దిగిన ముక్కలు. వాడు నౌకను ప్రక్కకు ఒరగించి, మంట పుట్టించి, గమ్యము చేరువ కాగానే మంట నాపి, అది అక్కడనే నిలుచునని నిశ్చింతగా చూచుచుండెను. నౌక నిలువలేదు, గమ్యమును దాటిపోయి గుట్టలలో బడి పగిలినది. "తాతా, ఇంజన్ బంద్ చేసిన. అయినా పోతనే ఉంది!" అని వాడు నాతో ఫిర్యాదు చేసెను.

న్యూటను మొదటి గమన నియమమును అంతకన్న సూటిగా చెప్పిన వాక్యమును నా యధ్యాపక జీవితమున నేను వినలేదు. బాహ్యబలము లేనంతవఱకు చలించు వస్తువు చలించుచునే యుండునని వాడు పరీక్షలో వ్రాసియే యున్నాడు. వ్రాసినదానిని నమ్మవలసిన యవసరము మాత్రము వానికి అదివఱకు కలుగలేదు. అందులకు వానిని తప్పుపట్టరాదు. మనము పుట్టి పెరిగిన లోకమున ఎద్దులు లాగుట మానిన బండి నిలుచును, తొక్కుట మానిన సైకిలు ఆగును. రాపిడియు గాలియు కలిసి జడత్వమును మన కంటబడకుండ దాచియుంచును. బలమున్నంతసేపే చలనముండునని అరిస్టాటిలు సిద్ధాంతీకరించినది ఈ నిత్యానుభవమునే. అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో ఆండ్రియా డిసెస్సా అను పరిశోధకుడు రాపిడి లేని బొమ్మ నొకదానిని కంప్యూటరు తెరపై పిల్లలచేత నడిపించి, 1982లో ప్రకటించిన వ్యాసమున ఈ సంగతినే విశదపఱచెను. పైకి పోవుచున్న బొమ్మను కుడిప్రక్కనున్న లక్ష్యమునకు చేర్పవలెనన్నపుడు పిల్లలు దానిని కుడికి తన్నిరి. అది పాత వేగమును విడువక, క్రొత్త వేగమును దానికి కలుపుకొని, మూలగా పోయెను. భౌతికశాస్త్రము చదివిన కళాశాల విద్యార్థిని యొకతెయు తొలుత ఆ పిల్లల దారినే పట్టినదట.

ఈ యాట నేటిది కాదు. 1969 జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లు చంద్రునిపై దిగిన కొలది నెలలకే, మాసచూసెట్స్ రాష్ట్రమునందలి లెక్సింగ్టన్ ఉన్నత పాఠశాల విద్యార్థి జిమ్ స్టోరర్ పి.డి.పి.-8 అను కంప్యూటరుపై దీనికి తొలిరూప మిచ్చెను. అప్పటికి బొమ్మ లేదు, తెరయు లేదు. టెలిటైపు యంత్రము ఎత్తును, వేగమును, ఇంధనమును కాగితముపై అచ్చుకొట్టి, రాబోవు పది సెకనులకు ఎంత యింధనమును మండింపవలెనో యడుగును. ఆటగాడు ఒక అంకె నిచ్చును. నౌక బ్రతుకునో చచ్చునో ఆ అంకెలే చెప్పును. 1973లో బొమ్మ వచ్చినది. 1979లో అటారీ కంపెనీ దానిని నాణెము వేసి ఆడు యంత్రములలోనికి తెచ్చినది. స్టోరర్ వాడిన సూత్రములలో ఒకదానియందు రెండుచే భాగింపవలసిన చోట భాగింపకపోవుటను మార్టిన్ సి. మార్టిన్ అనునతడు 2024లో, అనగా ఏబదియైదేండ్ల పిదప, కనిపెట్టుటను బట్టి, ఆ చిన్న ఆటను లోకమెంత శ్రద్ధగా ఆడుచున్నదో యూహింపవచ్చును. నాకు ఆ అంకెల రూపమే ఎక్కువ ప్రియము. బొమ్మను చూచి వ్రేలు కదపవచ్చును గాని అంకెను చూచి అంకె నిచ్చువాడు ఆలోచింపక తప్పదు.

ఇక ఆటయొక్క మర్మమునకు వత్తము. ఆటగాని వ్రేలికి లోబడినది ఏది? ఎత్తు కాదు, వేగమును కాదు, త్వరణ మొక్కటియే. త్వరణము క్షణక్షణము పోగుపడి వేగమగును. వేగము క్షణక్షణము పోగుపడి దూరమగును. కనుక ఇప్పుడు నొక్కిన మీటయొక్క ఫలము రెండు మెట్లు దిగి గాని నౌక యున్న చోటును మార్చదు. ఎత్తును మాత్రమే చూచి మీట నొక్కువాడు ఎల్లప్పుడును ఆలస్యముగానే నొక్కును. ఎత్తును వేగమును జతపఱచి, ఈ వేగమును చంపుటకు ఎంత యెత్తు ఖర్చగునో ముందే లెక్కించువాడే క్షేమముగా దిగును. సమాకలన గణితమను పేరుతో ఇంటర్మీడియటు విద్యార్థులను బెదరించునది మూలమున ఈ పోగుచేయు పనియే. పేరు తెలియకముందే పని తెలిసినవానికి ఆ పేరు భయము గొల్పదు.

లెక్క వేసి చూతము. మా ప్రాంతమువారికి ఎత్తనగానే తోచునది సాగరు ఆనకట్ట. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967లో ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలగా, ఎడమ కాలువ పొడవున మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములను వరిపొలములుగా మార్చిన ఆ కట్టడపు టెత్తు సుమారు 124 మీటరులు. అంత యెత్తునుండి చంద్రునిపై ఒక వస్తువును జారవిడిచినయెడల, అక్కడి గురుత్వ త్వరణము సెకనుకు సెకనుకు 1.62 మీటరులే గనుక, నేల చేరుటకు పండ్రెండు సెకనులకు పైగా పట్టును. భూమిపై, గాలిని లెక్కింపకున్న, ఐదు సెకనులు చాలును. చంద్రునిపై చేరునప్పటి వేగము సెకనుకు 20 మీటరులు, అనగా గంటకు 72 కిలోమీటరులు. అక్కడ అన్నియు తేలికగా పడును గదా, భయమేల యనువాడు సాగరు దారిలో వచ్చు ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగకుండ గోడను గ్రుద్దుకొనుటను ఊహించుకొనవలెను. 2023 నాటి చంద్రయాన్-3లోని విక్రమ్ కాళ్లు ఓర్చుకొనునట్లు రూపొందింపబడిన నిట్టనిలువు వేగము సెకనుకు 3 మీటరులే.

ఇప్పుడు ఇంజను త్రోపుడు నౌకకు అక్కడనున్న బరువునకు రెండింతలనుకొందము. అందు ఒక వంతు బరువును మోయుటకు సరిపోవును. మిగిలిన వంతు, నౌక ఎంత త్వరగా వేగము పుంజుకొనెనో అంత త్వరగానే ఆ వేగమును తగ్గించును. కావున సరిగా సగము ఎత్తున, 62 మీటరుల కడ, మంట మొదలిడినయెడల పైసగమున సంపాదించిన వేగమంతయు క్రిందిసగమున వ్యయమై నేలకడ శూన్యమగును. మొత్తము ప్రయాణము పదునేడున్నర సెకనులు. మంట అందులో సగము కాలమే. అయితే ఒక్క సెకను ఆలస్యమైన యెడల నౌక దాదాపు 10 మీటరుల వేగముతో నేలను తాకును. ఒక్క సెకనులో నౌక పదునైదు మీటరులు దిగిపోవుటయే గాక, వేగమును పెంచుకొనును. ఎత్తు తఱుగుటయు వేగము పెరుగుటయు రెండును ఒకేమాఱు పగబట్టును.

ఇంత సూక్ష్మమైన పందెము మనకేల యని, జాగ్రత్తపరుడు మొదటినుండియు మంట వెలిగించి సెకనుకు 2 మీటరుల చొప్పున మెల్లమెల్లగా దిగుననుకొందము. వానికి 62 సెకనులు పట్టును. ఆ 62 సెకనులును ఇంజను నౌక బరువును మోయుచునే యుండవలెను. లెక్క చూచిన, ధైర్యవంతుడు మండించినదానికి సుమారు మూడున్నర రెట్లు ఇంధనము ఖర్చగును. నేలపై నిలిచియుండుట మనకు ఉచితము, నేల మన బరువును ఊరకే మోయును గనుక. ఆకాశమున నిలిచియుండుటకు క్షణక్షణమునకు వెల కలదు. మా పిల్లవాని నౌకలలో తొందరపాటున పగిలినవాటికంటె అతిజాగ్రత్తచే ఇంధన మడుగంటి పడిపోయినవే ఎక్కువ. అపోలో-11 దిగునపుడు క్రింద బండరాళ్లు నిండిన గోతిని చూచి, దానిని దాటించుటకు ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకను తానే నడుపుచున్నంతసేపు, హ్యూస్టనులోనివారు మిగిలిన ఇంధనమును సెకనులలో లెక్కించుచుండిరి.

త్రోపుడు బరువునకు మూడింతలైన ఎక్కడ మంట పెట్టవలెనని మా పిల్లవానిని అడిగితిని. వాడు కాగితము తీసి, పడునప్పుడు వచ్చిన వేగమునకును ఆపునప్పుడు పోవలసిన వేగమునకును సమీకరణము వ్రాసి, మూడవవంతు ఎత్తున నని తేల్చెను, నాలుగింతలకు పావువంతు. ఆ జవాబున చంద్రుని గురుత్వమునకు గాని ఆనకట్ట యెత్తునకు గాని చోటులేకపోవుట వానిని ఆశ్చర్యపఱచినది. "గాలి ఉంటే తాతా?" అనెను. గాలి యున్నచో లెక్క మాఱును, కాని గాలి ఉపకారియు నగును. సాగరున ఇరువదియాఱు గేట్లును ఎత్తినప్పుడు చూడబోవు జనము ఆనందించునది, నిజమునకు, ఇంజనీర్లు ఒక ప్రమాదమును తప్పించుటనే: అంత యెత్తునుండి దిగిన నీరు తన వేగముతో ఆనకట్ట పాదమును త్రవ్వకుండ, అడుగున వంపు తిరిగిన కట్టడము దానిని పైకి చిమ్మును, అది గాలిలో తుంపరలై చెదరి, బలము కోలుపోయి నదిలో పడును. చంద్రునిపై అట్టి గాలి లేదు, పారాచూటు పనికిరాదు. సంపాదించిన వేగమునంతటిని ఇంజనుతోనే తీర్చవలెను.

ఆ వేగమైనను నిట్టనిలువుది కాదు. ముప్పది కిలోమీటరుల యెత్తున విక్రమ్ సెకనుకు సుమారు 1,680 మీటరుల వేగముతో చంద్రుని చుట్టును అడ్డముగా పరుగెత్తుచుండును. కనుక దిగుటలో మొదటి పని దిగుట కాదు, ఆగుట. భూమినుండి సంకేతము పోవుటకే ఒకటింబావు సెకను పట్టును. పోయి వచ్చుటకు రెండున్నర. ఒక్క సెకను ఆలస్యమున ఏమగునో చూచితిమి. అందువలన బెంగుళూరులో కూర్చున్నవా రెవరును మీట నొక్కలేరు. నౌక తన యాటను తానే ఆడుకొనవలెను. 2019లో ఏమి జరిగెనో ఇస్రో అధ్యక్షుడుగా నుండిన సోమనాథ్ 2023లో వివరించిరి. ఐదు ఇంజనులు అనుకొన్నదానికంటె కొంచె మెక్కువ త్రోపుడు నిచ్చినవి. ఆ చిన్న తేడాలు పోగుపడినవి. దిద్దుకొనుటకు నౌక వేగముగా తిరుగవలసి వచ్చినది, కాని అది తిరుగగల వేగమునకు హద్దు పెట్టబడియుండెను. దిగవలసిన చోటు ఐదువందల మీటరుల చదరమే యగుటచే, దానిని అందుకొనబోయి వేగమును తగ్గించుకొనలేకపోయినది. మా పిల్లవాని నౌకను పగులగొట్టిన ధర్మమే విక్రమును పగులగొట్టినది: త్వరణమున స్వల్పదోషము వేగమున పెద్దదై, స్థానమున ఇంకను పెద్దదగును.

2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3లో నడిమి ఇంజనును తీసివేసిరి, కాళ్లను బలపఱచిరి, ఇంధనమును పెంచిరి, వేగమును నేరుగా కొలుచు లేసరు పరికరమును చేర్చిరి, దిగుచోటును 4 కిలోమీటరుల పొడవునకును 2.4 కిలోమీటరుల వెడల్పునకును విస్తరించిరి. ఏది సరిగా పనిచేయునని కాక, ఏది చెడిపోవచ్చునని తొలుత అడిగి నిర్మించితి మని వారు చెప్పిరి. ఆగస్టు 23 సాయంత్రము 6 గంటల 4 నిమిషములకు నౌక దిగినది. అంతకు పూర్వము అది కంప్యూటర్ల నమూనాలలో ఎన్నోమాఱులు దిగియు పడియు నుండుటయే ఆ సాయంత్రపు రహస్యము.

పడుటకు వెల లేని చోటు ఒకటి ప్రతి విద్యార్థికిని కావలెను. మన పరీక్షలలో తప్పునకు మార్కు పోవును. అందుచే పిల్లలు ఊహించుట మాని కంఠస్థము చేయుదురు. ఆట ఆ భయమును తీర్చును గాని, ఊరక ఆడినయెడల వ్రేళ్లకే నేర్పు వచ్చును, బుద్ధికి రాదు. కావున ఉపాధ్యాయులకు నా మనవి స్వల్పము. మీట నొక్కుటకు ముందు ఏ యెత్తున మంట పెట్టవలెనో విద్యార్థిచేత కాగితముపై వ్రాయింపుడు, ఆడనిండు, వ్రాసినదానికిని జరిగినదానికిని తేడా యెందుకు వచ్చెనో వానినే చెప్పుమనుడు. ఇంధనము మండినకొలది నౌక తేలికపడి, అదే మంటకు ఎక్కువ త్వరణము పుట్టుననియు, తాను దానిని లెక్కలో చేర్చలేదనియు వాడు స్వయముగా కనిపెట్టిననాడు, ఆ యేటి భౌతికశాస్త్రమునకు ఖర్చుపెట్టిన కాలము వ్యర్థము కాలేదని నిశ్చయింపవచ్చును.