లింగమయ్య నీళ్లు

పటాన్‌చెరు

ప్రియమైన పాఠకులకు,

పొద్దున్నే బీరంగూడ గుట్ట ఎక్కి దిగుతున్నానని, అది సలేశ్వరం నడకకు సాధన అని పోయిన ఉత్తరంలో ఒక్క మాట అని వదిలేశాను. మీరు వదల్లేదు. సలేశ్వరం ఎక్కడ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పోవచ్చా, పిల్లల్ని తీసుకుపోవచ్చా అని అడుగుతూనే ఉన్నారు. మొన్న చైత్ర పౌర్ణమికి మా పెద్దమ్మను వెంటబెట్టుకుని పోయివచ్చాను కాబట్టి ఇప్పుడు నింపాదిగా చెబుతాను.

ముత్తంగి దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, తుక్కుగూడలో దిగితే శ్రీశైలం రోడ్డు. కడ్తాల్, ఆమనగల్లు, డిండి, హాజీపూర్ దాటి మన్ననూరు చేరితే అక్కడినుంచి నల్లమలే. రాత్రి తొమ్మిది తర్వాత అడవిలోకి బండ్లను వదలరు, మళ్లీ పొద్దున ఆరింటికే. పులులకోసం పెట్టిన కట్టుబాటు అది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. సలేశ్వరం దాని కడుపులో ఉంది. ఏడాదంతా అడవీ, అక్కడి చెంచులూ తప్ప ఎవరూ ఉండరు. చైత్ర పౌర్ణమి చుట్టూ మూడు నుంచి ఐదు రోజులు మాత్రం జాతరకు దారి తెరుస్తారు. ఫర్హాబాద్ దగ్గర లోపలికి తిరిగి, రాంపూర్ పెంట దాకా బండి మీద పోయి, ఆ తర్వాత ఐదు కిలోమీటర్ల దాకా నడక. పెంట అంటే చెంచుల చిన్న పల్లె.

ఈ నడకలో ఒక కిటుకుంది. తిరుమలకు అలిపిరి నుంచి నడిస్తే 3,550 మెట్లు ఎక్కి స్వామి దగ్గరికి పోతాం. అలసటంతా ముందే. దర్శనమయ్యాక బస్సులో దిగొచ్చు. సలేశ్వరంలో దేవుడు లింగమయ్య కొండ మీద లేడు, లోయ అడుగున ఉన్నాడు. పోయేటప్పుడు దిగుడే. కాళ్లు వాటంతట అవే పోతుంటాయి, అబ్బా ఎంత తేలిక అనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎండ నడినెత్తికి వచ్చి ఉంటుంది, తెచ్చుకున్న నీళ్లు అయిపోయి ఉంటాయి, ఎక్కుడు అప్పుడు మొదలవుతుంది. మోకాళ్ల సంగతి అడిగినవాళ్లకు నా జవాబు ఇదే: దిగేటప్పుడు బాగుందని నమ్మకండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలు దిగకండి. 2023 జాతరలో ఆ దారిలోనే భక్తుల ప్రాణాలు పోయాయి. దారి కొన్నిచోట్ల ఒక్క మనిషి పట్టేంతే. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అక్కడే ఎదురుపడతారు. చంటిపిల్లల్ని తీసుకుపోవద్దనే నేను చెబుతాను.

మేం తెల్లవారుతుండగానే అడవి గేటు దగ్గరున్నాం. నడక మొదలయ్యాక చూస్తే, దిగేవాళ్లు "వస్తున్నం వస్తున్నం లింగమయ్యా" అంటుంటే, ఎక్కేవాళ్లు "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అంటారు. ఇరుకు మలుపుల్లో మనిషి కనబడకముందే గొంతు వినబడుతుంది. ఆ రెండు కేకలే దారి చూపిస్తాయి. పెద్దమ్మ ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో బండను పట్టుకుని, అడుగడుగుకూ లింగమయ్యను పిలుస్తూ దిగింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. వద్దన్నాను. బీరంగూడ మల్లన్నా శ్రీశైలం మల్లన్నా ఒక్కడే అయితే ఈ లింగమయ్య పరాయివాడా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అడుగుకు చేరాక చూడాలి. రెండు కొండలు దగ్గరికి జరిగి, మధ్యన కాస్త ఆకాశం మిగిల్చినట్టుంటుంది. పైనుంచి నీళ్లు జాలువారుతుంటాయి. మండే చైత్రంలో! కింద గుండం. పక్కన గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. శ్రీశైలం మల్లన్న తమ ఆడబిడ్డను పెళ్లాడాడని, తమకు అల్లుడని చెప్పుకునే జనం వాళ్లు. 1940లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదే వాళ్లతో కలిసి తిరిగి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికే మనుషులుగా లోకానికి వాళ్లను చూపించింది ఆ పుస్తకం. నాకు మాత్రం వాళ్లు ఇంటివాళ్లలాగా కనిపిస్తారు. మనం వాళ్లింటికి మూడురోజుల చుట్టాలం. చుట్టపుచూపుగా పోయి వాళ్ల వాకిట్లో ప్లాస్టిక్ సీసాలు పారేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. గుండంలో మునిగి లేచాక పెద్దమ్మ జలధార కింద దోసిలి పట్టింది. నిండింది. తాగలేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. పక్కనే ఉన్న చెంచు ముసలాయన, "వాసన ఎందుకు జూస్తున్నవు పెద్దమ్మా? మంచినీళ్లే, తాగు" అన్నాడు.

ఆయనకు తెలియదు. పెద్దమ్మది మా పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు ఒడ్డు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ వాగులో బట్టలుతికింది, చెలిమె తీసి బిందెలు నింపింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి, వాగు రంగు మారింది, ఎడ్లు నీళ్లు ముట్టడం మానేశాయి. మా ఇళ్లలో అన్నం పుట్టింది ఆ ఫ్యాక్టరీల షిఫ్టుల వల్లే, అది నేను మరిచిపోను. కానీ బోరు నీళ్లయినా ట్యాంకరు నీళ్లయినా ముందు వాసన చూసి తర్వాత తాగడం మా ఆడవాళ్లకు చేతి అలవాటైపోయింది. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు గారు ఈ నీళ్లకోసమే ఏళ్లకేళ్లు కొట్లాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చి, శుద్ధిచేసి వదిలిన నీళ్లనే పరీక్షిస్తే, మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ మోతాదులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. ఇదంతా పెద్దమ్మ చదవలేదు. ముక్కుతో తెలుసుకుంది.

ఆ దోసిలి ఆమె రెండుసార్లు వాసన చూసింది. తర్వాత గటగటా తాగింది. మళ్లీ పట్టింది, మళ్లీ తాగింది. మూడోసారి పట్టినప్పుడు వాసన చూడలేదు. "వాగు మొదట్ల ఇట్లనే ఉండె బిడ్డా" అని ఒక్కమాట అంది. ఏటేటా ఎందుకు పోతావని నన్నడిగినవాళ్లకు నేను చెప్పగలిగింది అంతే.

ఎక్కుడు మాకు మూడు గంటలు పట్టింది. నీడ దొరికినచోటల్లా కూర్చున్నాం. దారిలో ఎవరో మజ్జిగ పోశారు, ఎవరో పెద్దమ్మ చేతికి కర్ర ఇచ్చారు. స్టీలు సీసాలో రెండు లీటర్ల లింగమయ్య నీళ్లు నా సంచిలో ఉన్నాయి. బరువని నేనెంత గొణిగినా ఆమె గుక్కెడు కూడా తాగనియ్యలేదు.

ఇంటికొచ్చాక అవి దేవుడి గూట్లో పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. వాడకట్టులో పసిపిల్లలున్న నాలుగిళ్లకు తలా ఒక గ్లాసు పంచిపెట్టింది. మిగిలిన చెంబెడు పట్టుకుని, ఆటో మాట్లాడుకుని, ఊరికి పోయి నక్కవాగులో పోసి వచ్చింది.

వచ్చే చైత్రానికి రావాలనుకున్నవాళ్లు ఇప్పటినుంచే రోజూ గుట్ట ఎక్కండి. పట్టున్న చెప్పులు, సద్దిమూట, స్టీలు సీసాలు రెండు. ఒకటి తాగడానికి, ఒకటి తెచ్చుకోవడానికి. ముత్తంగి దగ్గర కలుద్దాం.

ఇట్లు,
మీ పటాన్‌చెరు చెల్లెలు