ఆటగాని గొప్పతనమును, తోడివారి యోర్పును

ఆటలో అసమాన ప్రతిభ గలవాడు తోడి ఆటగాండ్రను పరుషముగా చూచినచో, ఆ పరుషత్వమును అతని ప్రతిభను బట్టి మన్నింపవచ్చునా? ఈ ప్రశ్న మా పెరియకుళమున పండిత సభలలో పుట్టినది కాదు. వరాహనది యొడ్డున, కొడైకానలు కొండల దిగువనున్న మా యూరివారికి బాస్కెటుబాలు ఆటపై మక్కువ మెండు. సిల్వరు జూబిలీ స్పోర్ట్సు క్లబ్బువారు వేసవియందు జరిపించు అఖిల భారత పోటీలకు దూరప్రాంతముల నుండి జట్లు వచ్చును. మామిడిపండ్ల బేరము ముగించుకొని వచ్చిన వర్తకులు మొదలు బడిపిల్లల వరకు అందరును దీపముల వెలుతురున మైదానము చుట్టును గుమిగూడుదురు. క్రికెట్టు పేరు చెప్పినగాని చెవియొగ్గని యీ దేశములో మా యూరిది వేరు రుచి.

2020వ సంవత్సరమున కరోనా తెగులు వలన జనులు ఇండ్లలో మూసికొని కూర్చున్న దినములందు, అమెరికా దేశపు మైకేల్ జోర్డాను చరిత్రమును పది భాగములుగా తీసిన చిత్రమొకటి వెలువడెను. మా యూరి యువకులు దానిని చేతిఫోనులలో చూచిరి. జోర్డాను షికాగో బుల్స్ జట్టుతో 1991 మొదలు 1998 లోపల ఆరుమారులు విజేతయైనవాడు. ఆయన 1995లో అభ్యాసము నడుమ స్టీవ్ కెర్ అను తోడి ఆటగాని ముఖముపై పిడికిట గ్రుద్దెను. ఆ పిమ్మట తమ నడుమ మైత్రి కుదిరినదని కెర్ తానే చెప్పియున్నాడు. 1997లో తుదిపోటీ ఆఖరి ఆటలో జోర్డాను అందిచ్చిన బంతిని బుట్టలో వేసి జట్టును గెలిపించినవాడును ఆ కెర్రే. "చూచితిరా, దెబ్బ తిన్నవాడే మెచ్చుకొనుచున్నాడు, ఇక మనకేమి?" అని యువకులు తీర్పు చెప్పిరి.

మేము పదునొకండవ తరగతితో చదువు చాలించి, గుమాస్తా యుద్యోగము చేసి విశ్రాంతి పొందినవారము. సాయంకాలములందు మైదానపు బల్లయొద్ద కూర్చుండి పాయింట్లు వ్రాయుట మాకు చిరకాలముగా అలవాటు. మా మాటకు ఆ యువకులు విలువ నిత్తురో లేదో గాని, వారి తీర్పు మాకు సమ్మతము కాలేదు. అది విన్న రాత్రి మా తలపునకు వచ్చినవాడు జోర్డాను గాడు. మన తెలుగువాడైన కనకయ్య నాయుడుగారు.

సి. కె. నాయుడు అని లోకమెరిగిన ఆయన మావలెనే తెలుగు నేలకు దూరమున పుట్టి పెరిగినవాడు. విజయనగర రాజుల నాటను, మధుర నాయకుల నాటను వలస వచ్చినవారి సంతతి మేము. ఆయన 1895లో నాగపురమున జన్మించి, 1923లో హోల్కరు ప్రభువు పిలుపున ఇండోరు చేరి, అచటి సైన్యమున కొలువు చేసెను. అందువలన ఆయన ప్రస్తావన వచ్చినపుడెల్ల మా పెద్దలు "మనవాడు" అని యొక మెట్టు పైకెక్కి మాటాడెడివారు. 1926లో బొంబాయిలో ఎం. సి. సి. జట్టుపై రెండు గంటలకు లోపల 153 పరుగులు తీసి, అందు పదునొకండు సిక్సర్లు కొట్టిన కథ మా చిన్ననాట ఇంట వినిన కథయే. 1932 జూనులో లార్డ్సు మైదానమున భారతదేశము తన మొదటి టెస్టును ఆడినపుడు నాయకుడు ఆయనయే.

అయితే ఆ నాయకత్వము ఆయనకు పూలపాన్పు కాలేదు. ఆ యాత్రకు నాయకుడుగా వెళ్లిన పోర్‌బందరు మహారాజు తన ఆట చాలదని తానే గ్రహించి టెస్టున తప్పుకొనెను. ఆట మొదలు కావలసిన దినమున తెల్లవారకముందే కొందరు ఆటగాండ్రు నాయుడుగారి క్రింద ఆడమని మొండికెత్తిరనియు, పటియాలా మహారాజుగారి తంతి వచ్చిన మీదటనే లోబడిరనియు క్రికెట్టు చరిత్రకారులు వ్రాసియున్నారు. రాజు కాని వానికి తలవంచుట కొందరికి కష్టమై యుండును. కాని అంతయు దానిమీదనే త్రోయుట న్యాయము కాదు. నాయుడుగారు కఠినుడు. సైనికుని క్రమశిక్షణను మైదానమునకు తెచ్చినవాడు. అలసట, నొప్పి, అలక్ష్యము అను మాటలు ఆయనయెదుట పలుకుటకు తోడివారు జంకెడివారని ప్రతీతి. ఆ యాటలో భారత జట్టు 158 పరుగుల తేడాతో ఓడిపోయెను. మొదటి యిన్నింగ్సున జట్టులో అందరికన్న ఎక్కువగా 40 పరుగులు తీసినవాడు చేతికి దెబ్బ తగిలియున్న ఆ నాయకుడే.

ఇచట మాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది, ఆయన కాఠిన్యము మొట్టమొదట ఎవరిపై పడినది అను సంగతి. 1936లో ఓవలు మైదానమున తన కడపటి టెస్టు ఇన్నింగ్సున గబ్బీ అలెన్ వేసిన బంతి దేహమునకు బలముగా తాకినను నిలిచి 81 పరుగులు తీసెను. 1951-52 రంజీ తుదిపోటీనాటికి ఆయన వయస్సు ఏబదియారు. ఫడ్కరు వేసిన బంతి మూతికి తగిలి పండ్లు రెండు ఊడగా, వానిని పిచ్చిమీద నుండి ప్రక్కకు త్రోసి, బంతి వేగము తగ్గింపవద్దని చెప్పి ఆడెనని ప్రసిద్ధి. ఆ వయస్సున మేము మేడమెట్లు ఎక్కుటకు గోడ పట్టుకొనెడివారము. ఇట్టివాడు కుర్రవానిని చూచి "నిలువుము" అనినపుడు, ఆ మాటలో ఇతరునిపై వేయు బరువు కన్న తాను మోయు బరువే ఎక్కువ. హోల్కరు జట్టు పదునాలుగేండ్లలో నాలుగుమారులు రంజీ కప్పు గెలిచి, ఆరుమారులు రెండవ స్థానమున నిలిచెను. బాల్యమున ఆయన చేరదీసిన ముస్తాకు అలీయు, సర్వటేయు ఏటికేడు ఆయన ప్రక్కననే ఆడిరి. కాళ్లకు సంకెల లేనివారు ఆ విధముగా నిలిచియుండుట ఒక సాక్ష్యమే.

దీనికి ఎదురుగా మరియొక తెలుగువానిని చూపక తప్పదు. 1936 యాత్రకు నాయకుడైన విజయనగరము మహారాజకుమారుడు ఆడిన టెస్టులు మూడు, తీసిన పరుగులు ముప్పదిమూడు. ఆ యాత్రలో లాలా అమరనాథును ప్యాడ్లు కట్టించి, అతని తరువాతివారిని ముందు పంపి, కూర్చుండబెట్టిరి. అతడు కోపముతో నాలుగు మాటలనగా, అవిధేయుడని యాత్ర నడుమనే ఓడ యెక్కించి యింటికి పంపిరి. ఈ అమరనాథే 1933లో బొంబాయిలో నాయుడుగారితో కలిసి ఆడుచు భారతదేశమునకు మొదటి టెస్టు శతకమును తెచ్చినవాడు. తరువాత విచారణ జరిపిన బ్యూమాంటు సంఘము ఆ నాయకత్వమును తప్పుపట్టెను. ఫలాహారపు బల్లయొద్ద నాయుడుగారిని అవమానించినందులకు ప్రతిఫలముగానే జిలానీ యను వానికి ఓవలు టెస్టున చోటు దొరకెనను మాటయు వాడుకలో నున్నది. నలువది దాటిన వీరుడు కాఫీ త్రాగుచుండగా నోటికి వచ్చినట్లు తిట్టించుట! నిజమో అబద్ధమో గాని, ఆ మాటను లోకము ఇంతకాలము నమ్ముచు వచ్చినదనుటయే చాలును.

మహారాజకుమారుని దోషమును అందరును ఏకగ్రీవముగా ఒప్పుకొందురు. ఎందువలన? ఆయనకు ఆట రాదు గనుక. ఆట వచ్చినవాడు అదే పని చేసియుండిన? అపుడు "గొప్పవారి స్వభావమట్టిది" అందుము. మాకు కంటగింపుగా నున్నది ఇదియే. అవమానము పొందినవానికి అవమానించినవాని పరుగుల లెక్కతో పని యేమి? బరువు మోయుమని గద్దించుట వేరు, బరువు మోయువానిని చులకన చేయుట వేరు అని కొంతవరకు చెప్పవచ్చును. కాని ఈ రెంటి నడుమ గీత ఎచట నున్నదో గట్టుమీద నిలిచినవానికి తెలియదు. ఆ మాట తగిలినవానికే తెలియును. కనుక మన్నించు అధికారమును వానిదే. కెర్ తనకు తగిలిన దెబ్బను తాను మన్నించెను, మంచిది. ఆ మన్నింపు కెర్ సొత్తు. దానిని మనము అప్పు తెచ్చుకొని లోకములోని చిన్న ఆటగాండ్రందరి తరఫున ఖర్చు పెట్టరాదు. పైగా నిలిచి గెలిచినవారే జ్ఞాపకములు వ్రాయుదురు, చిత్రములలో కనబడుదురు. నడుమ వదలిపోయినవాని మాట ఎవరు అడిగిరి?

అట్లు వదలిపోయినవానిని మేమొకని ఎరుగుదుము. ఇది ముప్పదియేండ్లకు పైబడిన మాట. మా ప్రాంతపు జట్టొకదానికి నాయకుడుగా నుండిన ఆటగాడు నిజముగా గొప్పవాడు. ఎంత దూరమున నిలిచి వేసినను బంతి ఇనుప వలయమును తాకక వలలోనికి దిగెడిది. ఆ జట్టున ఒక పొట్టి కుర్రవాడు ఉండెను. తండ్రి మామిడి మండీలో కూలి. ఒకనాడు వాడందిచ్చిన బంతి చేయి జారగా నాయకుడు ఆట నాపి, "బుట్టలు మోయువాని కొడుకునకు బుట్టలో బంతి వేయుట యెట్లు తెలియును?" అనెను. చుట్టును నిలిచిన జనము నవ్విరి. కుర్రవాడు ఆట ముగియువరకు ఆడెను. మరునాడు మొదలు రాలేదు. ఆ యాటలో మావారే గెలిచిరి. ఆ నాటి పాయింట్ల కాగితము మా చేతివ్రాతతో నేటికిని మా పెట్టెలో నున్నది. అందు ఎవరు వేసిన బంతి ఎన్నవ నిమిషమున పడినదో తెలియును గాని, ఆ మాట వ్రాయుటకు గడి లేదు.

ఇపుడు ఆ నాయకునికి సన్మానము జరుపవలెనని కొందరు తలపెట్టి, సన్మాన పత్రమును వ్రాయు పని మాకు అప్పగించిరి. వ్రాయవలసిన సంగతులను ఒక కాగితముపై ఇచ్చిరి. అందలి యొక వాక్యము: ఆయన కాఠిన్యము తమ మేలు కొరకేయని తోడి ఆటగాండ్రందరును నేడు కృతజ్ఞతతో తలచుచున్నారు. "అందరును" అను మాటయొద్ద మా కలము ఆగెను.

ఆనాటి కుర్రవానికి ఇపుడు సొంత మండీ గలదు. నెరసిన మీసము, మెడలో తువాలు. మేము పోయి కాగితము చూపగా, వాడు కండ్లద్దములు తీసి తుడుచుకొని నిదానముగా చదివెను. తండ్రి మాట గాని, ఆనాటి నవ్వు మాట గాని ఎత్తలేదు. మా ఇండ్లలో మాటాడు తెలుగుననే, "ఆయప్ప ఆట బాగా ఆడినాడన్నా, అది రాయండి. ఎన్ని పాయింట్లో అన్నీ రాయండి. నా తట్టు నుంచి మాత్రం ఏమీ రాయొద్దు" అని చెప్పి, మాకొక కాసాలడ్డు పండు కోసి యిచ్చెను.

పాత కాగితములన్నియు దింపి, ఆయన వేసిన పాయింట్లను ఒక్కటియు విడువక కూడి పత్రమున వ్రాసితిమి. ఆ వాక్యమును వ్రాయలేదు. ఎందుకు వ్రాయలేదని సన్మాన సంఘమువారు అడిగిరి, కారణము చెప్పితిమి. "అందరును" అను మాటను తీసి "పలువురు" అని వ్రాసిన సరిపోవునేమో యని వారు ఇంకను ఆలోచించుచున్నారు.