తిరగడం – అందుకోవడం

పరభాషలోని పలుకుబడిని నేర్వడమంటే నిఘంటువులోని అర్థాన్ని కంఠస్థం చేయడం మాత్రమే కాదు. అది ఏ పనిలో నుండి పుట్టిందో ఆ పనిని మనసుకు తెచ్చుకోవాలి. ఆంగ్లంలోని 'టర్న్ ఓవర్' అన్న మాట ఇందుకు చక్కని నిదర్శనం.

ప్రశ్నపత్రం అడుగున కనిపిస్తే, ఈ మాటకు పుట తిప్పమని అర్థం. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు 'టర్నోవర్' అంటే వ్యాపారంలో జరిగిన మొత్తం అమ్మకాలు. ఇంజన్లు బాగుచేసేవారి వాడుకలో మాత్రం, లోపలి క్రాంకుషాఫ్టు తిరగడమే 'టర్న్ ఓవర్'. ఇంజను తనంతట తాను నడవడం 'స్టార్ట్'. కనుక 'ది ఇంజిన్ టర్న్డ్ ఓవర్, బట్ ఇట్ డిడ్ నాట్ స్టార్ట్' అన్న వాక్యంలో వైరుధ్యమేమీ లేదు.

ఈ భేదం నాకు బోధపడింది ఆంగ్ల తరగతిలో కాదు, మా పొలంలో. బావి గట్టున డీజిలు ఇంజను ఉండేది. మా నాన్నగారు దాని మీట ఎత్తి, హ్యాండిలు పట్టుకొని చక్రాన్ని వడిగా తిప్పేవారు. మీట ఎత్తి ఉన్నంతసేపు సిలిండరులో గాలి నొక్కుకోదు. చక్రం తేలికగా తిరుగుతుంది. తగిన వేగం రాగానే మీట దించేవారు. గాలి నొక్కుకొని వేడెక్కి, డీజిలు మండి, ఇంజను అందుకునేది. కొన్ని ఉదయాలలో ఎంత తిప్పినా ఫలితం ఉండేది కాదు. "తిరుగుతోంది గాని అందుకోవడం లేదురా" అనేవారు, ఎండుతున్న వరిమడి వైపు చూస్తూ. ఆంగ్ల వాక్యంలోని భావమంతా ఆ తెలుగు మాటలోనే ఉంది.

1912 నాటి క్యాడిలాక్ కార్లలో విద్యుత్ స్టార్టరు వచ్చింది. క్రమంగా కార్లకు చేతి హ్యాండిలు అవసరం తీరిపోయింది. అయినా హ్యాండిలు తిప్పడాన్ని తెలిపే 'క్రాంక్' అన్న క్రియ నేటికీ నిలిచి ఉంది. పనిముట్టు పోయినా మాట మిగిలింది.

మాటను సరిగా వాడడం పాండిత్య ప్రదర్శన కోసం కాదు. కారు ఇంజను అసలు తిరగడమే లేదంటే మెకానిక్కు ముందుగా బ్యాటరీని, స్టార్టరును చూస్తాడు. తిరుగుతున్నా స్టార్టు కావడం లేదంటే ఇంధనం అందుతున్నదో లేదో, పెట్రోలు ఇంజనైతే నిప్పురవ్వ పుడుతున్నదో లేదో పరీక్షిస్తాడు. మాట మారితే వెతికే చోటు మారుతుంది.

కాళిదాసు రఘువంశం ఆరంభంలో, విడదీయరాని పార్వతీపరమేశ్వరులకు శబ్దార్థాలను ఉపమానంగా చెప్పాడు. అర్థం తెలియని శబ్దాన్ని ఎంత వల్లించినా అది తిరిగే చక్రమే. అర్థం తోడైన నాడే మాట అందుకుంటుంది.