తిరుపతిలో సంగటి తిందామని పోతే...

తిరుపతికి వచ్చినవాళ్ళకు రెండు పనులు తప్పవు. ఒకటి దర్శనం, రెండోది భోజనం. రైల్వే స్టేషను ఎదురుగా, బస్టాండు చుట్టూ, గాంధీ రోడ్డులో, అటు అలిపిరి దారిలో ఎక్కడ చూసినా హోటళ్ళే. తమిళం వాళ్ళకు ఇడ్లీ సాంబారు, ఉత్తరాది వాళ్ళకు రొట్టె, పనీరు కూర. ఎవరి తిండి వాళ్ళకు దొరుకుతుంది. చాలాకాలం దొరకనిది ఒక్కటే, మా చిత్తూరు పల్లెల తిండి. ఇప్పుడు అదీ బోర్డెక్కింది. "రాగి సంగటి, నాటుకోడి పులుసు స్పెషల్" అని రంగు దీపాలు పెట్టి మరీ పిలుస్తున్నారు.

దీని వెనక పెద్ద కథే ఉంది. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో పాకాల వైపు వాళ్ళ పల్లెలో రెండు పూటలా సంగటే. వరన్నం పండగకో, చుట్టాలు వస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇళ్ళలో అన్నం పెరిగింది, సంగటి కట్టె అటకెక్కింది. సంగటి తింటామని చెప్పుకోడానికి మా తరం ఆడపిల్లలు నామోషీ పడేవాళ్ళం. తర్వాత రాగుల్లో కాల్షియం ఉంది, తినండని డాక్టర్లే చెప్పసాగారు. మన దేశం ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అలా పేదల కూడు ఏసీ హోటళ్ళ దాకా వచ్చింది.

ఈమధ్య మా అత్తమ్మకు డెబ్బై ఏళ్ళు నిండాయి. మా అబ్బాయికి బెంగుళూరులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. "నానమ్మా, ఈ రాత్రికి నువ్వు కూర్చో, వాళ్ళు వడ్డిస్తారు" అని అందరినీ ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయాడు. హోటలు పేరు మనకెందుకు లెండి. యాభై ఏళ్ళు పదిమందికి సంగటి కెలికి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తిన్న మనిషి ఆవిడ. సాయంత్రం నాలుక్కే మంచి చీర కట్టుకుని వాకిట్లో కూర్చుంది.

ముప్పావుగంటకు పళ్ళేలు వచ్చాయి. ముద్ద చూడ్డానికి గుండ్రంగా ఉంది గానీ అంచులు ఎండిపోయి, విరిస్తే లోపల చల్లగా, పిండి ఉండలు కట్టి ఉంది. ఎప్పుడో చేసి పెట్టి పైపైన వేడి చేసిందని చూడగానే తెలుస్తుంది. పులుసు ఎర్రగా నూనె తేలుతూ ఉంది. ముక్క పట్టుకుంటే ఎముక నుంచి దానంతటదే జారిపోయింది. నాటుకోడి ముక్క అట్లా జారదని మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మిగతాది పళ్ళెం పక్కకు నెట్టి, నా చెవిలో మెల్లగా అనింది: "అమ్మీ, ఈ సంగటి కెలికినోళ్ళు దీన్ని తినుండరు."

మావాడు వడ్డించే అబ్బాయిని పిలిచి అడిగాడు. "అందరూ ఇదే తింటున్నారు సార్, ఇంతవరకు ఎవరూ ఏమీ అన్లేదు" అన్నాడతను. బిల్లు రెండు వేలు దాటింది. అందులో సర్వీస్ ఛార్జి ఒకటి కలిపారు. మావారు అడిగితే మారుమాట లేకుండా తీసేశారు. ఇంటికొచ్చి అత్తమ్మ మజ్జిగ అన్నం కలుపుకుని తినింది. డబ్బు పోయిందని కాదు నా బాధ. ఒకరు వడ్డిస్తే కూర్చుని తినడం ఆవిడకు అదే మొదలు. ఆ మొదటి పూట మళ్ళీ రాదు కదా!

ఆ అబ్బాయి మాట మాత్రం అబద్ధం కాదు. మా ఊరి హోటళ్ళలో తినేవాళ్ళలో ఎక్కువమంది తెల్లారితే రైలెక్కేవాళ్ళు. బాగాలేదని చెప్పడానికి మళ్ళీ రారు. చిత్తూరు రోడ్డులో చూడండి, కథ వేరు. కాణిపాకం పోయి వస్తూ ఒకసారి రేకుల షెడ్డులో తిన్నాం. ఇద్దరాడవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి రెండు చేతులా సంగటి కెలుకుతున్నారు. పొగలు కక్కే ముద్ద, చెనక్కాయల ఊరిబిండి, చలికాలం కాబట్టి అనపగింజల పితికిపప్పు. అక్కడ తినేది రోజూ వచ్చే లారీ డ్రైవర్లు. ఈరోజు చెడితే రేపు మొహం చూపించాలి.

అయితే మళ్ళీ రానివాళ్ళకు బాగా పెట్టలేరా అంటే, కొండమీదికి పోయి చూడండి. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలయింది. 2011 నుంచి తరిగొండ వెంగమాంబ పేరిట కట్టిన పెద్ద భవనంలో ఒకేసారి నాలుగు వేలమంది కూర్చుని తింటున్నారు. వెంగమాంబ మా ఉమ్మడి చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన భక్తకవయిత్రి. అక్కడ తినేవాళ్ళు ఎవరో వడ్డించేవాళ్ళకు తెలియదు. అయినా చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ వేడివేడిగా వస్తాయి. 2025లో వడ కూడా చేర్చారు. పైసా తీసుకోకుండా "ఇంకొంచెం వేయమంటారా?" అని అడుగుతారు. తినేవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళు బాగా తినాలని వండేవాళ్ళకు ఉండాలి. కావలసింది అదే!

అందుకని హోటలుకు పోయే అక్కచెల్లెళ్ళకు నాలుగు మాటలు. సంగటి ఇప్పుడు కెలికిందా, మధ్యాహ్నానిదా అని ఆర్డరుకు ముందే అడగండి. ముందు ఒక్క ప్లేటు తెప్పించి రుచి చూడండి. సరిగా లేకపోతే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. బిల్లులో జీఎస్టీ కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జి మాత్రం మన ఇష్టం. దాన్ని బిల్లులో వాళ్ళంతట వాళ్ళే కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. తీసేయకపోతే 1915కి ఫోను చేయవచ్చు.

ఇంట్లో చేసుకోవాలంటే గ్లాసు బియ్యం ఐదు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించి, తగినంత ఉప్పు వేసి, గ్లాసు రాగిపిండి పోసి, కలపకుండా మూతపెట్టి సన్నసెగన పది నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత దించి ఉండలు లేకుండా కట్టెతో కెలికి, తడిచేత్తో ముద్దలు చేయండి. కెలికే పని మాత్రం ఇంట్లో మగపిల్లలకు అప్పగించండి. చేతులకు బలం వస్తుంది, వంటమనిషి కష్టమూ తెలిసొస్తుంది!